షోలాపూర్ సమన్లకు నేను చూపించిన దారి

ఆ రోజుల్లో, అంటే కొత్తగా క్యాబ్ నడుపుతున్న ఇరవై రెండేళ్ల వయసులో, లోకంలో నాకు తెలియని సంగతే లేదనుకునేవాణ్ణి. కోర్టు గురించి మాత్రం మా మామ చెప్పిందే వేదం. (ఆయన కూడా కోర్టును బస్సు కిటికీలోంచి తప్ప చూసినవాడు కాదు.) షోలాపూర్ కోర్టు నుంచి సాక్ష్యానికి రమ్మని నాకు ఫోన్ వస్తే, మామ తలపట్టుకుని, "పోకురా అల్లుడా, ఒక్కసారి బోనెక్కితే ఇగ దిగనియ్యరు. ముసలోనివైతవు గాడ్నే" అన్నాడు. నేను ఫోన్ ఎత్తడం మానేశాను. అమ్మకు కూడా పాఠం చెప్పాను: "ఎవరొచ్చి అడిగినా బొంబాయి పోయిండని చెప్పు."

ఒక ఉదయం శంషాబాద్ బస్టాండు దగ్గర నెరిసిన మీసాల పెద్దమనిషి, చంకలో సంచితో నా కారెక్కాడు. "తొండుపల్లి పోవాలె బిడ్డా" అంటూ కాగితం తీసి చదివాడు. నా పేరు, మా నాన్న పేరు, మా ఇంటి నంబరు! షోలాపూర్ పోలీసట. మఫ్టీలో సమన్లు పట్టుకుని వచ్చాడు. (షోలాపూర్‌లో మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉంటారని నాకు ఆ రోజే తెలిసింది.) అయినా కారు ఆపలేదు. పక్కనే ఉన్న తొండుపల్లిని వదిలేసి, హైవే మీద నేరుగా మైలార్‌దేవ్‌పల్లి దాకా తీసుకెళ్లాను.

"తొండుపల్లి గింత దూరమా?"

"రోడ్డు తవ్విండ్రు కాకా, తిరిగి పోవాలె."

అక్కడి నుంచి హిమాయత్ సాగర్ వైపు తిప్పాను. నీళ్లు కనిపించగానే ఆయన సంతోషంగా కిటికీ దించి, తానుగానే కథ మొదలుపెట్టాడు. షోలాపూర్‌లో ఒక వంటమనిషి ఉన్నాడు. అతను పనిచేసే ఇంట్లో నగలు పోయాయి. అదే రోజు, అదే వేళకు అతను హైదరాబాదులో ఉన్నాడు. నర్సు ఉద్యోగానికి గౌహతి వెళ్తున్న కూతురిని విమానం ఎక్కించడానికి వచ్చాడట. "బిడ్డ చెప్తే తండ్రి కోసం చెప్తున్నదంటరు. ఇగ మిగిలింది ఆ క్యాబ్ డ్రైవరే. కారు నంబరొక్కటి గుర్తుపెట్టుకున్నడు పాపం. జైల్ల గూసోని ఒక్కటే మాట: ఆ పిల్లగాడు వస్తడు, రోడ్డు పక్కకు కారాపి మా బిడ్డ విమానం మబ్బులల్ల గలిసేదాంక నాకు చూపిచ్చిండు, గసోంటోడు రాకుంటెట్ల ఉంటడు, అని."

ఆ వంటమనిషి నాకు బాగా గుర్తున్నాడు. విమానం కనుమరుగయ్యాక కూడా పది నిమిషాలు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి, "కాకా, ఆ డ్రైవర్ నేనే" అన్నాను.

"ఎరుకే బిడ్డా" అన్నాడాయన చల్లగా. "నీ సీటెనుక పేరూ ఫొటో ఉన్న కార్డు యేలాడుతున్నది గదా. మైలార్‌దేవ్‌పల్లి కాడ్నే సదివిన."

"మరి జెప్పకపోతివి?"

"నువ్వు ఊరు జూపిస్తుంటివి. నాకెప్పుడు దొరుకుతది గిట్ల?"

(ఈ మాట మామకు నేటికీ చెప్పలేదు.) సంతకం పెట్టి సమన్లు తీసుకున్నాను. ఆయన్ని ఇంటికి తీసుకెళ్తే, అమ్మ అన్నం వడ్డిస్తూ, నేనెదురుగా కూర్చుని ఉండగానే, "మావోడు బొంబాయి పోయిండు" అంది.

షోలాపూర్‌లో బోనెక్కాను. "రోజూ ఎందరో ఎక్కుతారు, ఈయనే ఎలా గుర్తున్నాడు?" అని వకీలు గద్దించాడు. "ఆయన ఏడ్సిండు సార్, ఆయనను జూసి నేను గూడ ఏడ్సిన. గట్ల ఇంకెవ్వలతోని ఏడ్వలే" అన్నాను. తర్జుమా చేసే ఆయన ఆ మాట మరాఠీలో చెప్పేసరికి కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు మాత్రం నవ్వకుండా రాసుకున్నారు. కొన్నాళ్లకు వంటమనిషి నిర్దోషిగా బయటికొచ్చి, ముందుగా నాకే ఫోన్ చేశాడు. ఇద్దరం మళ్లీ ఏడ్చాం.

అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సాక్ష్యం చెప్పి తిరిగొచ్చిన ఆ బస్సు ప్రయాణం. అన్ని నెలలు దాక్కున్నవాణ్ణి, అడగనివాళ్లందరికీ "కోర్టుల సాక్ష్యం జెప్పొస్తున్న" అని చెప్పుకుంటూ వచ్చాను. జహీరాబాద్ చేరేసరికి డ్రైవరుకు కూడా తెలిసిపోయింది. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడి పక్క సీటులో ఇప్పుడు కూర్చునే వీలుంటే, మొత్తం కథ మొదటిసారి వింటున్నట్టే మళ్లీ విందును.