చెవి అందిన వయసు

మా ఇంట్లో పుట్టిన తేదీ కచ్చితంగా తెలిసింది ఒక్క బర్రెదూడకే. అది ఏ అమావాస్య ముందు పుట్టిందో బాపు ఠక్కున చెప్పేవాడు. నా సంగతి అడిగితే మాత్రం, "కాలువకు మస్తు నీళ్లొచ్చిన ఏడు, నాట్లు అయిపోయినంక" అనేవాడు. కోటగిరి దగ్గరి మా ఊరికి కాలువ నీళ్లు రాని ఏళ్ల కంటే వచ్చిన ఏళ్లే ఎక్కువ. ఆ లెక్కన నేను ఏ ఏడైనా పుట్టి ఉండొచ్చు.

బడిలో వేసిన రోజు నాకు గుర్తున్నట్టే ఉంటుంది, బాపు అన్నిసార్లు చెప్పాడు మరి. అవ్వ, అంటే మా అమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. నేను పక్కన కూర్చుని ఆకులు చింపేదాన్ని, దారం చిక్కు వేసేదాన్ని. ఒకనాడు ఆమెకు విసుగొచ్చి, "దీన్ని బళ్లె ఏసి రా, నా పానం తింటాంది" అందట. బాపు నన్ను భుజం మీద ఎక్కించుకుని పోయాడు.

మా బడిలో అప్పుడు వయసుకు కాగితం అడిగేవారు కాదు. కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఆరేళ్లు నిండినట్టు, లేకుంటే వచ్చే ఏడు రావాలి. అవ్వ లెక్కన నాకప్పటికి నాలుగున్నర. చెవి అందింది. పెద్దసారు రిజిస్టర్‌లో జూన్ నెల తేదీ ఒకటి వేసి, ఆరేళ్లని రాసుకున్నారు. "నా బిడ్డయి పొడుగు చేతులు, ఒక్కపారికే అందుకుంది" అని బాపు ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

ఆ చేతుల పేరు మీదే నేను గోల్‌కీపర్‌నయ్యాను. బోధన్‌లో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు మా డ్రిల్లు సారు, "చేతులు పొడుగన్నవు గదా, గాడ నిలబడు" అని రెండు రాళ్ల మధ్య నిలబెట్టారు. అప్పటినుంచి అదే నా చోటు. బాపు చెరుకు ట్రాక్టర్ నడిపేవాడు. లోడు దించి తిరిగొచ్చేటప్పుడు బండిని రోడ్డు మీదే ఆపి, గోడ మీదుగా నా ఆట చూసేవాడు. బంతి నన్ను దాటి పోయిందంటే తిట్లు ఎదుటి జట్టుకే.

ఇరుగుపొరుగు దేశాల పిల్లల ఫుట్‌బాల్ టోర్నమెంట్ గురించి మాకు చెప్పింది ఆ సారే. ముందు మగపిల్లలకే పెట్టారట. ఆడపిల్లలు కూడా ఆడతారని పెద్దవాళ్లకు తోచడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్. పదిహేనేళ్ల లోపు పిల్లలు. ఢాకాలో ఒకసారి, థింఫులో ఒకసారి. మాలో ఎవరమూ నాందేడ్ కూడా దాటలేదు, అయినా థింఫులో చలికి ఏం తొడుక్కోవాలా అని కొట్టుకున్నాం.

నిజామాబాద్‌లో జరిగిన ఎంపికలో నేను ఆడిన మూడు ఆటల్లో ఒక్క గోలు కూడా పోలేదు. శిక్షణ శిబిరానికి నా పేరు రాసుకున్నారు. తర్వాత కాగితాలు అడిగారు. నాకు నిజంగా పద్నాలుగున్నర, కాగితం మీద పదహారు. వయసు తేల్చే ఎముకల పరీక్ష చేయించండని మా సారు బతిమాలారు. ముందు కాగితం సరిగ్గా ఉంటేనే ఎముకల దాకా వస్తామన్నారు వాళ్లు.

బాపు రిటైరైన పెద్దసారును వెతుక్కుంటూ వర్ని దాకా పోయాడు. నేనూ వెంట ఉన్నాను. "సారూ, అప్పుడు నా బిడ్డకు అయిదేండ్లు సుత లేవు. జర గట్ల రాసియ్యుండ్రి."

ఆ ముసలాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నారు, "చెవి అందింది గదరా. నువ్వే సూపెట్టినవ్."

బాపు తల దించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా నోరు ఊరుకోలేదు. "నీకెందుకే బాపూ గంత తొందర? ఒకటి రెండేండ్లు ఆగితే నీ సొమ్మేం పోతుండె? నా బతుకు ఆగం జేసినవ్." బస్సులో అందరూ విన్నారు. ఆయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, బోధన్ వచ్చేదాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు.

నేను ఆ టోర్నమెంట్‌ను మళ్లీ చూడొద్దని ఒట్టు పెట్టుకున్నాను. బాపు మాత్రం వదల్లేదు. చాయ్ హోటల్లో పేపర్ చివరి పేజీ అడిగి చదివించుకునేవాడు. ఏ ఏడు ఎవరు గెలిచారో, బంగ్లాదేశ్ పిల్లలు ఎంత గట్టివాళ్లో అవ్వకు పాఠం చెప్పేవాడు. వయసు హద్దు మారిందని విన్న రోజు ఇంటికి పరుగున వచ్చాడు.

"ఈపారి పదిహేడు జేసిండ్రట బిడ్డా. ఇగ నువ్వు పోవచ్చు గదా?"

"నా ఏండ్లు ఆగుతయా బాపూ?" అన్నాను. అప్పటికే నేను డిగ్రీలో ఉన్నాను. ఆయనకు తెలియక కాదు, ఎక్కడో ఏదో సందు దొరుకుతుందని ఆశ. నాకు జాలి పడటం చేతకాక కోపం తెచ్చుకున్నాను.

ఇప్పుడు నేను బోధన్‌లోనే ఒక బడిలో డ్రిల్లు టీచర్‌ని. నిరుడు బాపుకు పక్షవాతం వచ్చింది, కుడివైపు. బడి అయ్యాక రోజూ ఊరికి వచ్చి ఆయన చేత వ్యాయామం చేయిస్తాను. మొన్న ఆ టోర్నమెంట్ మళ్లీ మొదలైంది. నా ఒట్టు పక్కనపెట్టి, ఫోన్‌ను అవ్వ చాటకు ఆనించి పెట్టాను. బాపు బంతిని చూడలేదు, ఆటంతా గోల్‌కీపర్‌నే చూశాడు.

"గా పిల్ల చేతులు పొట్టిగున్నయ్," అన్నాడు నాలిక మడతపడుతుంటే.

ఆట అయ్యాక చెయ్యి లేపమన్నాను. నెత్తి మీదుగా తిప్పి అవతలి చెవి ముట్టుకోవాలి, డాక్టర్ చెప్పిన వ్యాయామాల్లో అదొకటి. చెయ్యి నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది.

"అందుతలేదు బిడ్డా."

నేను మోచెయ్యి కింద చెయ్యి వేసి, మెల్లగా పైకి నెట్టి, వేళ్లను చెవికి తగిలించాను. "ఇగో, అందింది."

బాపు నా చెయ్యి వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఆ పొద్దు గూడ గిట్లనే," అన్నాడు. "సారు రిజిస్టర్ తీసేటప్పుడు ఎనుకనుంచి నేనే నెట్టిన. నీకు అందలేదు బిడ్డా."

బస్సులో నేనన్న మాటకు ఆయన ఇన్నేళ్లకు జవాబు చెప్పాడు. అంత కోపంలోనూ నేను నమ్ముకున్నది నా పొడుగు చేతులనే. అవి పొడుగన్నది కూడా ఆయన పెట్టిన పేరేనేమో.

"నువ్వు నెట్టలేదు బాపూ. నేనే అందుకున్న, నాకు మంచిగ యాదికున్నది," అన్నాను.

నాకేమీ యాది లేదు.