పలచన చేసిన బావులు

తొంభైల నడుమ, నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో, నా పనంతా బావుల్లోకి తొంగి చూడటమే. యూనివర్సిటీ చుట్టుపక్కల భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి మ్యాపు గీయాలి. టేపు చివర ఇనపనట్టు కట్టి బావిలోకి వదిలేదాన్ని. అది నీటిని తాకిన చప్పుడు వినగానే అడుగులు చూసి నోటుబుక్కులో రాసుకునేదాన్ని. భూభౌతికశాస్త్రమని పేరు పెద్దదే గానీ, మా అమ్మ మాత్రం అడిగినవాళ్లతో "మా పాప బావులు చూస్తాంది" అనేది. అంతకన్నా సరిగ్గా నేను కూడా చెప్పలేను.

మాణికేశ్వర్ నగర్‌లో పని సులువుగా సాగింది. యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఇరుకు బస్తీ అది. ఒక ఇంట్లో టేపు వదిలితే పక్కింటివాళ్లు "మాది గూడ చూడు బిడ్డా" అని పిలిచేవాళ్లు. చూడకుండా దాటిపోతే నొచ్చుకునేవాళ్లు. వారం తిరిగేసరికి వందకు పైగా బావులయ్యాయి. మా డిపార్ట్‌మెంటు ఊడ్చే ఆమె ఇల్లూ అక్కడే. మొదటిసారి నట్టు చేదకు తగిలిందేమోనని అనుమానపడి, తన బావిని నాతో రెండుసార్లు కొలిపించింది.

ఆ పక్కనే ఉన్న తార్నాక కాలనీలో గేట్లు ఎత్తు. కుక్క ఉన్నదని బోర్డు లేని ఇళ్లలో కూడా కుక్కలుండేవి. ఒక వీధి మొత్తానికి నన్ను పలకరించింది ఒక్కరే, వరండాలో పేపరు చదువుకుంటున్న రిటైర్డు ఆఫీసరు. నా యాస వినగానే ఏ ఊరని అడిగారు. అనంతపురం అన్నాను. ఆయనదీ అటువైపేనట. మీ బావిలో నీళ్లెంత లోతని అడిగాను.

"ఇరవై అడుగులని రాసుకో పాపా. ఎండన పడి ఎందుకు తిరుగుతాండావు, ఇంటికి పో" అన్నారు గేటు తీయకుండానే.

మన వైపు మనిషి కదా అని రాసుకున్నాను.

కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ముందుగా రిజిస్టర్‌లో పేరు రాసుకుంటే గంటసేపు ఇచ్చేవాళ్లు. బావికొక వరస చొప్పున టైపు చేశాను: తూర్పుకెంత, ఉత్తరానికెంత, లోతెంత. ఎక్కడెక్కడో ఉన్న ఆ అంకెల్ని ప్రోగ్రాం సమానమైన గడుల్లోకి సర్దితే మ్యాపు వస్తుంది. వచ్చింది. మాణికేశ్వర్ నగర్ వైపంతా చెమటకాయలు పేలినట్టు గుంటలూ మిట్టలూ.

మా ప్రొఫెసరు నల్గొండ రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. మ్యాపును అటూ ఇటూ తిప్పి చూశారు.

"మక్కచేన్ల మొలకలు వత్తుగ వస్తే ఏం చేస్తరమ్మా? పీకి పలచన చేస్తరు. గట్లనే ముందు గీ డేటాను పలచన చెయ్యి. తర్వాతనే మ్యాపు."

దానికొక కమాండు ఉంది. నల్లటి తెర మీద ఒక్క వరస టైపు చేయాలి. అది నేలనంతా గడులుగా కోసి, ఒక్కో గడిలోని బావులన్నిటికీ సగటు తీసి, గడికొక్క అంకె మిగులుస్తుంది. పన్నెండు బావులుంటే పన్నెండూ కలిసి ఒకటి. ఒక్కటే ఉంటే దానిదే గడి.

ఎంటర్ నొక్కాను. తుమ్మేంతసేపు కూడా పట్టలేదు. మాణికేశ్వర్ నగర్‌లో నా వారం తిరుగుడు ఎనిమిది అంకెలయింది. తార్నాక ఆఫీసరుగారి ఇరవై అడుగులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈసారి మ్యాపు ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. నీళ్లు పైన ఉన్నచోట నీలం, లోతున ఉన్నచోట పచ్చ పెన్సిల్ రుద్దాను. ఆఫీసరుగారి వీధిలో చిన్న చెరువే ఏర్పడింది. ప్రొఫెసరు మురిసిపోయి దాన్ని గోడకు పెట్టించారు. వచ్చినవాళ్లకల్లా ఆ నీలాన్ని చూపించి, "గీడ నీళ్లు మస్తున్నయి" అనేవారు.

ఒక ఉదయం ఊడ్చే ఆమె ఆ మ్యాపు ముందు ఆగింది.

"ఇందుల మా బాయేది బిడ్డా?"

చూపించాను. "మీది, ఇంకో పదకొండు కలిపి ఈ చుక్క."

"అందరికి కలిపి ఒక్కటే? కానియ్యి. మరి గీ నీలం ఎవరిది?"

వీధి పేరూ, ఇంటి గుర్తులూ చెప్పాను. ఆమె చీపురు చంకలో పెట్టుకుంది.

"గా ఇంట్ల పొద్దుగాల నేనే గిన్నెలు తోముత. బాయి యాడిది? కారు షెడ్డు కట్టేటప్పుడే పూడ్సిన్రు. నల్లా రాకుంటే వాళ్లకు ట్యాంకరే దిక్కు."

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి ఆఫీసరుగారు గేటు తీశారు. మజ్జిగ ఇప్పించారు. షెడ్డు కూడా చూపించారు, కాస్త గర్వంగానే.

"బావి ఉన్నన్ని దినాలూ ఇరవై అడుగులే పాపా. నేనేం అబద్ధం చెప్పలేదే. నువ్వు లోతెంత అంటివి, బావి ఉందా అనలేదు."

నిజమే, అడగలేదు. చదివిన చదువంతా గుర్తుకొచ్చి సిగ్గేసింది. మజ్జిగ పూర్తిగా తాగి వచ్చేశాను.

ప్రొఫెసరుకు చెప్పాను. "ఒక్క లైనే గద, తీసెయ్యి" అన్నారు. మళ్లీ వెనక్కి పిలిచి, "కని మ్యాపుల బొక్క పడొద్దు" అన్నారు.

బొక్క పడలేదు. ఖాళీ గడిని ప్రోగ్రాం చుట్టుపక్కల గడుల్ని చూసి తనే నింపేసింది. ఆ వీధికి దగ్గరగా ఉన్న అంకెలన్నీ మాణికేశ్వర్ నగర్‌వే. అక్కడ నీళ్లు లోతు. దాంతో ఆఫీసరుగారి కారు కింద నలభై అడుగుల లోతున నీళ్లు తేలాయి. ఆ నీళ్లను ఎవరూ చూడలేదు, కొలవలేదు. అయినా మ్యాపు మునుపటికన్నా అందంగా ఉంది. నీలం చెరిపేసి పచ్చ రుద్దాను.

వైవాకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన నా థీసిస్‌లో ఆ మ్యాపున్న పేజీ దగ్గర ఆగి, సరిగ్గా ఆఫీసరుగారి వీధి మీదే వేలు పెట్టారు.

"ఇక్కడ నీటిమట్టం వాలు చాలా సహజంగా వచ్చింది. ఈ వీధి మీద బాగా శ్రమపడినట్టున్నావమ్మా."

మా ప్రొఫెసరు పైన తిరుగుతున్న ఫ్యానును పరీక్షగా చూస్తున్నారు.

"రెండుసార్లు వెళ్లాను సార్" అన్నాను.

పెద్దాయన తలూపి పేజీ తిప్పారు.