ఇస్త్రీ పిన్ని ఆట

ఇస్త్రీ షాపు పిన్ని ఏ కార్డు చేతికొచ్చినా బల్లమీద బోర్లా పరిచి, కాయలు కాసిన అరచేత్తో చీర సాపు చేసినట్టు ఒకసారి రుద్దుతుంది. మంచి కార్డైతే రెండుసార్లు. బొమ్మల కార్డులతో ఒకరిమీదొకరు దాడి చేసుకునే ఆట అది. చవక కార్డులతోనే ఆడాల్సిన ఆదివారం పోటీకి వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ప్రతిసారీ ఆమెను చిత్తు చేసే సొంత అల్లుడికి మరీ బాగా తెలుసు. ఈసారి ఫైనల్లో ఒక్క దాడి చేస్తే మళ్లీ గెలుపు అతనిదే. పిన్ని చేతిలో మిగిలిన ఒకే ఒక్క కార్డును రుద్దింది. కాసేపాగి మళ్లీ రుద్దింది. ఆ కార్డుతో ఎదురుదెబ్బ తీస్తుందేమోనని అల్లుడు జంకి దాడి మానుకున్నాడు. ఆమెకు ఆ ఒక్క వంతు చాలింది. కట్టలోంచి తీసిన కొత్త కార్డుతో ఆట ముగించేసింది. అల్లుడు ఆత్రంగా ఆ పాత కార్డు తిరగేశాడు. ఎందుకూ కొరగాని కార్డు.

"అత్తయ్యా! దీన్నా రెండుసార్లు రుద్దారు?"

"మడత పోలేదు బాబూ," అంది పిన్ని, గెలిచిన కప్పు చంకన పెట్టుకుంటూ.