కొత్తపేట జర్మన్ క్లాసుకి ఒరిజినల్ సర్టిఫికెట్లతో

నర్సింగ్ చివరి పరీక్షలు అయిపోగానే నేను జర్మన్ మొదలుపెట్టాను. అక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగం కోసమని ఇంట్లో చెప్పాను గానీ, కొన్నాళ్ళకే ఉద్యోగం సంగతి వెనకబడి మాటల మీద మోజు పట్టుకుంది. నా దగ్గరున్నదల్లా అరచేతిలో పట్టే క్రియాపదాల పుస్తకం ఒక్కటే. పేజీకో క్రియ. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు అన్న వరసలో ఆ క్రియ ఎలా మారుతుందో పట్టిక ఉంటుంది. కుడివైపు వరసని బొటనవేలితో మూసి, పైకి చెప్పి, వేలు తీసి సరిచూసుకుంటాను. మన ఇస్తాను, ఇస్తావు, ఇస్తాడు కూడా ఇలాగే మారతాయని ఆ పుస్తకం పట్టుకునేదాకా నాకు తట్టనే లేదు. పట్టికలు నోటికొచ్చాయి, మాట్లాడటానికి మాత్రం ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడు వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. కొత్తపేటలో జర్మన్ క్లాసు, మొదటి రోజు ఉచితం, భోజనం వాళ్ళదే, ఒరిజినల్ సర్టిఫికెట్లు తప్పనిసరిగా తీసుకురావాలి. ఉచిత పాఠానికి నా పదో తరగతి సర్టిఫికెట్ ఎందుకో అర్థం కాలేదు. అయినా వెళ్ళాను. ఇలాంటి పని మీద వెళ్ళబోయేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

రాజోలులో ఉదయం ఏడింటికి అమలాపురం పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. కండక్టర్ కార్డు చూసి వెంటనే వెనక్కిచ్చేశారు. ఆ రోజు నన్ను కాగితం అడిగి, చూసి, చేతిలో పెట్టేసినది ఆయనొక్కరే. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పుస్తకం తెరిచి, కిటికీలోంచి కనిపించిన ప్రతిదానికీ క్రియ వెతుక్కుంటూ కూర్చున్నాను. కొబ్బరికాయల లారీ వెళ్తుంది, నేను వెళ్తాను, మేము వెళ్తాం. వైనతేయ మీద వంతెన దాటుతుంటే పక్క సీటులోని పెద్దావిడ, ఏం స్తోత్రమమ్మా అది అని అడిగారు. జర్మన్ అంటే కాస్త దూరం జరిగి కూర్చున్నారు.

అమలాపురంలో దిగేసరికి ఎనిమిది దాటింది. అక్కడ కోర్టు ఎదురుగా మా సత్యవతి పిన్నికి జిరాక్స్ షాపుంది. ఎవరేం కాగితం తెచ్చినా ముందు దాని వెనకవైపు తిప్పి చూసే మనిషి. నన్ను ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోకపోతే తనే వస్తానంది. నా సర్టిఫికెట్లన్నిటికీ జిరాక్సులు తీసి తన సంచిలో పెట్టుకుంది. మెయిన్ రోడ్డు మీద కొత్తపేట వైపు బస్సులకి లోటు లేదు, ముప్పావుగంట ప్రయాణం. దారంతా పిన్ని నా పుస్తకం వైపు అనుమానంగా చూస్తూనే ఉంది.

"ఇందులో ఉన్నదంతా నిజమేనని నీకెవరు చెప్పేరే?" అంది.

ఎవరూ చెప్పలేదు. పుస్తకమే చెప్పింది.

కొత్తపేట సెంటర్లో ఆటో మాట్లాడుకుంటే మనిషికి ఇరవై అన్నాడు. అడ్రసు చూడగానే అతని ముఖంలో నవ్వొచ్చింది.

"మీరూ జర్మనీయేనాండీ? వారానికి నలుగుర్ని దింపుతున్నానండి అక్కడ."

"వెళ్ళినవాళ్ళున్నారా బాబూ?" అంది పిన్ని.

"ఆయ్, క్లాసుకి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారండి. విమానం దాకా వెళ్ళేమని మటుకు నా ఆటోలో ఎవరూ చెప్పలేదండి."

పిన్ని నా మోకాలి మీద గిల్లింది.

అది కొబ్బరితోట పక్కన మేడ ఇల్లు. కింద కాపురం, పైన క్లాసు. నడిపే ఆయన్ని ఇక్కడ ప్రసాద్‌గారు అంటాను, అసలు పేరు కాదు. గేటు దాకా ఎదురొచ్చారు. రండమ్మా, రండి పిన్నిగారూ, ఎండన పడి వచ్చేరు అంటూ కొబ్బరినీళ్ళు ఇప్పించారు. మర్యాద ఎక్కువయ్యేకొద్దీ నాకు ఫైలు మీద పట్టు బిగిసింది. పైన పదిమంది దాకా ఉన్నారు, అందరూ నాలాంటి నర్సింగ్ పిల్లలే. పాఠం చెప్పే టీచరుగారికి నాకన్నా నాలుగైదేళ్ళు ఎక్కువుంటాయేమో. ఆవిడ నోరు తెరవగానే నా అనుమానాల్లో సగం పోయాయి. పట్టికలో ముద్రపడి ఉన్న మాటలు ఆవిడ గొంతులో నడిచి వస్తున్నట్టు ఉన్నాయి. అడిగిన ప్రతి క్రియకీ నేను చేయెత్తాను. నా చేతిలో పుస్తకం చూసి ఆవిడ ఏదో అనబోయారు గానీ, తలుపు దగ్గర నిలబడిన ప్రసాద్‌గారే అందుకున్నారు. పుస్తకాలెందుకమ్మా, మేమున్నాం కదా అన్నారు. మిగతా సగం అనుమానం మాత్రం అలాగే ఉండిపోయింది.

పన్నెండున్నరకి కింద అరిటాకులు వేశారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. ప్రసాద్‌గారి భార్య ఒక్కొక్కరి పక్కన నిలబడి, మా ఇంట్లో మొహమాటం పనికిరాదంటూ వడ్డించారు. పిన్ని రెండోసారి కూర వేయించుకుంది. చేతులు కడుక్కుని పైకి వచ్చాక ప్రసాద్‌గారు ఇనప బీరువా తెరిచి, సర్టిఫికెట్లు ఇచ్చేస్తే వెరిఫికేషన్‌కి పంపుతాను అన్నారు. పిల్లలు వరసగా ఇచ్చేశారు. మళ్ళీ ఎప్పుడిస్తారని ఒక్కరూ అడగలేదు. అడగలేరు. ఇప్పుడే ఆయన ఇంట్లో తిన్నాం. చేతికి ఇంకా కూర వాసన ఉంది. ఆ చేత్తోనే రసీదు అడగడం మా వైపు ఎంత తప్పో మా వైపు వాళ్ళకే తెలుస్తుంది. పిన్ని వైపు చూశాను. కోర్టు ముందు ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి కళ్ళు దించుకుని, ఇంత పెద్దమనిషిని ఎలా అడుగుతామే, ఇచ్చెయ్యి అని గొణిగింది.

నా వంతు వచ్చింది. తెలుగులో ప్రశ్న గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. దానికి అండీ తగిలించాలి, ఏమనుకోకండి అనాలి, అన్నీ తగిలించేసరికి అది ప్రశ్నగా మిగలదు. పుస్తకంలో ఇవ్వడం అన్న పేజీ మాత్రం కళ్ళ ముందు కనిపించింది. టీచరుగారి వైపు తిరిగి, పాఠంలో సందేహం అడుగుతున్నట్టు అడిగాను.

"వాన్ గేబెన్ జీ మీర్ ఆలెస్ త్సురుక్?"

అవన్నీ నాకు ఎప్పుడు తిరిగి ఇస్తారు అని. ప్రసాద్‌గారు మెచ్చుకోలుగా తలూపారు. ఆయనకి జర్మన్ ముక్క రాదని అప్పుడే తెలిసింది. టీచరుగారు బోర్డు తుడుస్తూ, ఉచ్చారణ దిద్దుతున్నంత మామూలుగా జవాబిచ్చారు.

"గేబెన్ జీ నిష్ట్స్. బెహాల్టెన్ జీ ఆలెస్. మైనె లీగెన్ నోఖ్ హియర్."

మొదటి ముక్క అర్థమైంది. ఏమీ ఇవ్వకండి. రెండోది నిజంగా రాలేదు. జర్మన్‌లో బస్సు ఆగే చోటుకి ఉన్న మాటలో అలాంటిదే విన్నాను, ఆగమంటున్నారేమో అనుకున్నాను. పుస్తకం చివర అక్షరక్రమంలో వెతికి పేజీ తిప్పాను. మన దగ్గరే ఉంచుకోవడం. మూడోది వెతకక్కర్లేకపోయింది. నావి ఇంకా ఇక్కడే ఉన్నాయి.

పుస్తకం మూసి పిన్ని చెయ్యి గట్టిగా నొక్కాను. అప్పుడు మా పిన్ని మళ్ళీ మా పిన్ని అయింది. అయ్యో, వాళ్ళ నాన్నగారు ఒక్కసారి చూసి పంపుతానన్నారండీ, మర్చేపోయాను, ఇవాళ్టికి జిరాక్సులు ఉంచండి అని సంచిలోంచి కాగితాలు తీసింది. ప్రసాద్‌గారు నవ్వుతూనే, సీట్లు ఆగవమ్మా మరి అన్నారు. నా ఫైలు నా చంకలోనే ఉంది. ఆ సాయంత్రానికల్లా క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. అంతకుముందే అందులోంచి టీచరుగారి నంబరు దాచుకున్నాను.

తర్వాత ఫోనులో ఆవిడే చెప్పారు. తను జర్మన్ పరీక్ష పాసై రెండేళ్ళయింది. జర్మనీకి నీ వంతు వచ్చేదాకా పాఠాలు చెప్పమని ఉంచేసుకున్నారు. కాగితాలు ఎప్పుడు అడుగుదామన్నా ముందు భోజనానికి కూర్చోబెడతారు. ఇది పిన్నికి చెప్పాను. "తిని అడగలేకపోయాం కదే. తినకుండా అడగమను," అంది. తర్వాతి ఆదివారం టీచరుగారి అమ్మగారు వెళ్ళి, కొత్త పిల్లల పంక్తిలోనే ఆకు ముందు కూర్చున్నారు. వడ్డించినవేవీ ముట్టలేదు, మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. అమ్మాయి కాగితాలు ఇస్తే తింటానండీ అని ఒక్క మాటే అన్నారట. పక్కనున్న పిల్లల చేతులు ఆకుల్లోనే ఆగిపోయాయి. పెరుగు రాకముందే బీరువా తెరుచుకుంది. టీచరుగారు అక్కణ్ణించి బయటపడ్డాకే, ఆవిడ ఒప్పుకున్నాకే ఇదంతా రాస్తున్నాను.

ప్రసాద్‌గారు మోసగాడని నేను అనను. ఆ బీరువాలోని కాగితాలు నిజంగానే ఎక్కడికైనా వెళ్తాయేమో, నాకు తెలీదు. ఆయన పెట్టిన అన్నం మాత్రం నిజం, అందులోని ఆప్యాయత కూడా కొంత నిజమేనేమో. ఇప్పటికీ తేల్చుకోలేక అనుమానపడుతూనే ఉన్నాను. ఒకటి మాత్రం తెలిసింది. పుట్టి పెరిగిన భాషలో నాకు మొహమాటం కూడా వచ్చు. పట్టికల్లో నేర్చుకున్న భాషలో ఇంకా అది రాలేదు, అందుకే అడగగలిగాను. ఇప్పుడు టీచరుగారు వారానికి రెండుసార్లు ఫోనులో నాకు పాఠం చెబుతున్నారు. ఈ ధైర్యాన్ని తెలుగులోకి ఎలా తెచ్చుకోవాలన్నది మాత్రం ఆవిడకీ తెలియదట.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. కొత్తపేట సెంటర్లో దిగగానే కడుపు నిండా టిఫిన్ చేసి వెళ్ళండి, అడగాల్సింది అడిగేదాకా అక్కడ ఏమీ తినకండి.