ఏడుసార్లు తిప్పి పంపిన గులాబీ రంగు

2009 జనవరిలో సూరత్‌లోని ఖటోదరాలో ఒక డైయింగ్, ప్రింటింగ్ మిల్లులో కలర్ మాస్టర్‌గా చేరాను. 2022లో అక్కడే పదవీ విరమణ చేశాను. కలర్ మాస్టర్ అంటే గుడ్డలకు రంగులు వేసేవాడని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. కాదు. ఏ రంగు ఎంత పాళ్ళలో కలపాలో రాసిచ్చి, అచ్చయి వచ్చిన నమూనా చూసి ఔననో కాదనో చెప్పేవాడు. మిల్లులో యజమాని సేఠ్ తర్వాత మేనేజరు, ఆయన తర్వాత నేను. అయినా నమూనా మీద నా సంతకం పడందే సేఠ్ కూడా మిషన్ నడిపించడానికి లేదు. ఈ అధికారాన్ని నేను ఒక్కసారే దుర్వినియోగం చేశాను. అది 2021 వానాకాలంలో.

ముందు చీర సంగతి చెప్పాలి. సూరత్ చీరకు ఒక పేరుండాలి. పేరు లేని చీర సలాబత్‌పురా బట్టల బజారు దుకాణాల్లో అడుగున పడి ఉంటుంది. అందుకని ఏ సినిమా పేరో, హీరోయిన్ పేరో పెట్టి పెట్టె మీద బొమ్మ అంటిస్తారు. లాక్‌డౌన్‌కు ముందటి చలికాలంలో మా సేఠ్ ఒక హిందీ హీరోయిన్‌తో ఒప్పందం చేసుకుని, ఒక గులాబీ రంగు చీరకు ఆమె పేరు పెట్టాడు. ఆ పేరు ఇక్కడ రాయను. ఫోటోల కోసం ఆమెను మిల్లుకే రప్పించాడు. పొద్దుటి నుంచి ఆ పిల్ల గుడ్డల గుట్టల మధ్య నిలబడి, నవ్వమన్నప్పుడల్లా నవ్వింది.

మధ్యాహ్నం ఆమె కనిపించకుండా పోయింది. ఆమె మేనేజరు మిల్లంతా వెతుకుతున్నాడు. నాకు కలర్ కిచెన్‌లో దొరికింది. పేరుకే అది కిచెన్. రంగులూ, అవి గుడ్డ మీద పాకకుండా పట్టి ఉంచే గమ్మూ కలిపే గది అది. అక్కడ తినకూడదు, బయటివాళ్ళు రాకూడదు. రెండు నిబంధనలూ నేను స్వయంగా రాసి గోడకు అంటించినవే. సరిగ్గా ఆ కాగితం కింద ఆమె బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని, గమ్ కలిపే మల్లేశం టిఫిన్ డబ్బాలోంచి అన్నం, పచ్చిపులుసు కలుపుకుని తింటోంది. మల్లేశానిది సిరిసిల్ల దగ్గర పల్లె.

ఆమె ముంబైలో పుట్టి పెరిగిందని పత్రికలన్నీ రాశాయి. "జర ఇంకింత పులుసు పొయ్యి అన్నా. నాలుగేండ్లాయె గిట్ల తినక," అంటోంది ఆమె.

నన్ను చూడగానే ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మా మేనేజర్‌కు చెప్పకుండ్రి సార్. అన్నం తిన్ననని తెలిస్తే రేపు పొద్దంత ఉరికిస్తడు. గిట్ల మాట్లాడుతనని గూడ చెప్పకుండ్రి," అంది. నవ్వుతూనే అంది కానీ, కళ్ళలో భయం కనబడింది.

నేను తలుపు మూసి బయట కాపలా నిలబడ్డాను. ఆమె మేనేజరు వచ్చి లోపల ఏముందని అడిగాడు. ఆవిరి పోతోంది, పీలిస్తే జుట్టు ఊడుతుందన్నాను. ఎంతో శ్రద్ధగా దువ్వుకున్న తల ఆయనది, మళ్ళీ అటు రాలేదు. తలుపు అద్దంలోంచి చూస్తే మల్లేశం ఫోన్ ఎత్తి ఫోటో తీస్తున్నాడు.

తర్వాత కరోనా వచ్చింది. మిల్లు మూతపడటం, కార్మికులు ఊళ్ళకు పోవడం, తిరిగి రావడం, రెండో అలకు మళ్ళీ పోవడం. ఆ 2021 వానాకాలంలోనే ఆమె ముంబై ఫ్లాట్‌లో చనిపోయింది. ముప్పై కూడా నిండలేదు. రెండు రోజుల దాకా ఎవరూ తలుపు తట్టలేదట. టీవీల్లో మాత్రం వారం రోజులు ఆమె నవ్వు గురించే మాట్లాడారు. నాకు చాలా బాధ కలిగింది. ఆ పూట అన్నం సహించలేదు.

మా సేఠ్‌కు ఆ ఇబ్బంది కలగలేదు. అదే గులాబీ చీరను ఆమె స్మృతి చిహ్నంగా మళ్ళీ అచ్చు వేయాలని, పెట్టె మీద ఎవరూ చూడని ఫోటో వేయాలని నిర్ణయించాడు. మల్లేశం ఫోన్‌లో ఒకటుందని ఎవరో చెవిన వేశారు. మల్లేశం అప్పటికి భార్యాపిల్లలతో ఊళ్ళో ఉన్నాడు. అక్కడా మగ్గాలు ఆగిపోవడంతో, మిల్లు పిలుపు కోసం రోజూ నాకు ఫోన్ చేసేవాడు. ఎవరిని వెనక్కి పిలవాలో ఆ జాబితా సేఠ్ దగ్గర ఉంది. సేఠ్ నా ఎదుటే అతనికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఫోటో అడిగాడు. తన దగ్గర మేడమ్ ఫోటో లేదన్నాడు మల్లేశం. ఫోటో లేకపోతే పనీ లేదని సేఠ్ జాబితాలో అతని పేరు కొట్టేశాడు.

మల్లేశం అబద్ధం చెప్పాడని సేఠ్‌కు కోపం వచ్చింది. అంత నిబ్బరంగా అబద్ధం చెప్పినందుకు నాకు ముచ్చటేసింది. నా వంతు నేనూ చేయాలనుకున్నాను.

లాట్, అంటే మొత్తం సరుకు, మొదలుపెట్టే ముందు ఒక మీటరు గుడ్డ అచ్చు వేసి, ఆవిరి పట్టి, ఉతికి పాత చీరతో పోల్చి చూడాలి. ఈ నమూనాను స్ట్రైక్-ఆఫ్ అంటారు. మొదటిది అచ్చు గుద్దినట్టు వచ్చింది. రంగు కలవలేదని తిప్పి పంపాను. అక్కడి నుంచి అది నిజంగానే కలవకుండా జాగ్రత్త పడ్డాను. ఒకసారి ఆవిరి గదిలోంచి గుడ్డను ముందే తీయించాను, పాలిపోయింది. ఒకసారి గమ్ పలచన చేయించాను, పువ్వుల అంచులు పాకాయి. ఇంకోసారి కాస్త నీలం పడింది, వంకాయ రంగు వచ్చింది. అంతకు ముందటి మిల్లులతో కలిపి ముప్పై ఏళ్ళు రంగులు కుదర్చడం నేర్చుకున్నవాడికి చెడగొట్టడం ఇంత సరదాగా ఉంటుందని నాకు తెలియదు.

ఏడోది చూసి సేఠ్, "మాస్టర్, ఒకసారి కరోనా పరీక్ష చేయించుకోండి," అన్నాడు.

"కరోనాకు వాసన పోతుంది సేఠ్, రంగు పోదు," అన్నాను.

పాత చీరకు గమ్ కలిపింది మల్లేశమని, అతని చేతి కొలత ఏ పుస్తకంలోనూ లేదని కూడా చెప్పాను. నిజానికి ఆ కొలత రంగుల పుస్తకంలో నా దస్తూరీతోనే ఉంది. దీపావళి సరుకు కోసం సలాబత్‌పురా వ్యాపారులు ప్రాణం తీస్తున్నారు. సేఠ్ తనే ఫోన్ చేసి మల్లేశాన్ని కుటుంబంతో సహా రమ్మన్నాడు. అతను వచ్చాక, పాత కొలతతోనే కలిపిన ఎనిమిదో నమూనా మీద సంతకం పెట్టాను.

మర్నాడు సేఠ్ కలర్ కిచెన్‌కు వచ్చి, ఒక్కసారి ఆ ఫోన్ చూపించమన్నాడు. మల్లేశం ఏ మాత్రం తడబడకుండా ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి ఇచ్చాడు. సేఠ్ చూసి నా చేతికిచ్చాడు. అందులో ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. ఖాళీది, తుడిచినట్టుంది. పక్కన పులుసు అంటిన నాలుగు వేళ్ళు. ముఖం లేదు.

"మై బోలా థా సేఠ్, మేడమ్ కా ఫోటో నహీ హై," అన్నాడు మల్లేశం, మేడమ్ ఫోటో లేదని ముందే చెప్పానుగా అన్నట్టు. సేఠ్ వెళ్ళిపోయాడు. పెట్టె మీద పాత నవ్వే వేశారు.

ముఖం ఎందుకు తీయలేదని తర్వాత అడిగాను.

"తీస్తనంటే వద్దన్నది సార్. 'నా మొఖం అందరి దగ్గరున్నది అన్నా, గిది తియ్యి, వదినెకు చూపెట్టు, ఒక్క మెతుకు ఇడవలేదని చెప్పు' అన్నది. చూపెట్టిన. మళ్లొస్తదేమో అని మా ఆమె చాన్నాళ్లు డబ్బల రెండు ముద్దలు ఎక్కువే పెట్టింది."

కళ్ళతో చూడకుండా నమూనా గురించి మాట్లాడకూడదని ఆ మిల్లులో పదమూడేళ్ళు అందరికీ చెప్పాను. మల్లేశం చెప్పిన నిజాన్ని అబద్ధమనుకుని మెచ్చుకున్నది కూడా నేనే. ఏడాది చివర తిరస్కరించిన ప్రతి నమూనాకూ పుస్తకంలో కారణం రాయాలి. ఆ ఏడింటికీ ఎదురుగా 'మాస్టర్ పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను.