కూర్చున్నాకే కదిలే బస్సు

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. ముప్పై రెండేళ్లు పద్నాలుగో నంబరు నడిపాడు. డిపోలో ఆయన్ని 'గడియారం' అనేవారు. ఆయన బస్సు వచ్చిందంటే జనం చేతి వాచీలు సరిచేసుకునేవారట. ఆ మాట పుట్టించింది ఆయనేనని అమ్మకి అనుమానం.

రిటైరైన మర్నాడు కూడా పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, బూట్లు తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఏ బస్సు తోలాలనండీ?" అంది అమ్మ.

నాన్న బూట్లు విప్పాడు. ఆ రోజు నుంచి తోలడానికి మేమే దొరికాం. "స్నానానికి పదిహేను నిమిషాలా?" అని నన్ను, "కూర ఇంకా దిగలేదా?" అని అమ్మని. చెయ్యడానికి పనిలేని మనిషి ఇంట్లో ఉంటే గోడలు కూడా దగ్గరకి జరిగినట్టుంటుందని అప్పుడే తెలిసింది.

ఏడాది తిరిగేసరికి మోకాళ్లు మొరాయించాయి. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిందన్నాడు డాక్టరు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వచ్చి వ్యాయామం చెయ్యమన్నాడు. అలా నాన్న తన పద్నాలుగో నంబరు బస్సుని ప్రయాణికుడిలా ఎక్కాడు. తోడు నేను వెళ్లాను.

మెట్టు ఎత్తుగా ఉంది. కమ్మీ పట్టుకుని ఒళ్లంతా కూడదీసుకుని ఎక్కాడు. రెండో కాలు పైన పెట్టాడో లేదో, బస్సు ఒక్క ఉరుకు ఉరికింది. నాన్న తూలి, సీటు అంచుకి భుజం కొట్టుకుని, ఎవరో పెద్దావిడ ఒళ్లో కూలబడ్డాడు. ఆవిడ సంచీలోని టమాటాలు బస్సంతా దొర్లాయి.

"ఎవడు నేర్పాడయ్యా నీకు డ్రైవింగు?" అని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు నాన్న.

డ్రైవరు అద్దంలోంచి చూసి నాలిక్కరుచుకున్నాడు. "మీరే కదా గురువుగారూ! కాలు లోపల పడితే కదిలించెయ్, కూర్చోవడం వాళ్ల పని, టైముకి చేరడం మన పని అన్నారుగా."

వెక్కిరింపు కాదు. నిజంగానే నాన్న శిష్యుడతను.

ఇంటికొచ్చాక భుజానికి మందు రాస్తూ అమ్మ అంతా విన్నది. విని, "పాతికేళ్లు మీ బస్సులోనే కుట్టు దుకాణానికి వెళ్లాను. ఎన్నిసార్లు కమ్మీకి వేలాడానో మీకేం తెలుసు?" అంది.

"అప్పుడే చెప్పొచ్చు కదే?"

"చెప్పాను. 'గట్టిగా పట్టుకో' అన్నారు."

మర్నాటి నుంచి నాన్న ఒక నోటుపుస్తకం పట్టుకుని బస్సులో తిరగడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లు మెట్టు మీద కాలు పెట్టి, వెళ్లి సీట్లో కుదురుకోవడానికి ఎంతసేపు పడుతోందో రాసుకున్నాడు. పది రోజుల తరవాత ఆ పుస్తకంతో డిపో మేనేజరు ముందు కూర్చున్నాడు.

"పద్నాలుగో నంబరు ట్రిప్పు టైముకి నాలుగు నిమిషాలు కలపండి సార్."

మేనేజరు నవ్వాడు. "ఇదివరకు మూడు కలుపుదామంటే వద్దని డ్రైవర్లందరిచేతా సంతకాలు పెట్టించింది మీరే కదండీ?"

"నేనే. తప్పు చేశాను. అందుకే దిద్దుకోవడానికి నేనే వచ్చాను."

నేను పక్కనే ఉన్నాను. ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదని ఆయనకి పతకం వేసిన రోజు చప్పట్లు కొట్టాను గానీ, మా నాన్నని చూసి గుండె పొంగింది మాత్రం ఆ గదిలోనే.

మేనేజరు మెత్తబడలేదు. జనం ఆలస్యం ఒప్పుకోరన్నాడు. నాన్న ఇంటికొచ్చి అమ్మతో ఏదో మంతనాలాడాడు. అమ్మ దళసరి గుడ్డ రెండు పొరలుగా వేసి, మధ్యలో చెక్క స్కేళ్లు పెట్టి, మోకాలు వంగకుండా బిగించే పట్టీలు కుట్టింది. వాటిని తీసుకెళ్లి, "రెండు నిమిషాలు కట్టుకుని చూడండి సార్" అని మేనేజరుని బతిమాలాడు.

డిపో ఆవరణలోనే బస్సు పెట్టారు. మేనేజరు కర్రలాంటి కాళ్లతో, చేతిలో సంచీతో, నానా తంటాలు పడి ఎక్కాడు. శిష్యుడు అలవాటు ప్రకారం ఎక్కిన వెంటనే కదిలించాడు. మేనేజరు సంచీ వదిలేసి రెండు చేతులా కమ్మీని కావలించుకుని, "ఆపవయ్యా, ఆపు!" అని కేకపెట్టాడు.

"గట్టిగా పట్టుకోండి సార్," అన్నాడు నాన్న సీట్లోంచి.

ఆ నెలలోనే పద్నాలుగో నంబరుకి నాలుగు నిమిషాలు కలిశాయి. ఆఖరి స్టాపులో బస్సు ఊరికే నిలబడే సమయంలోంచే వాటిని తీశారు. ఏ ట్రిప్పూ తగ్గలేదు. ఏడాదిలో అన్ని బస్సులకీ అదే పద్ధతి వచ్చింది. కొత్త డ్రైవరెవరైనా సరే, అమ్మ కుట్టిన పట్టీలతో ఒక ట్రిప్పు తిరిగాకే స్టీరింగు ముట్టుకోవాలి. వాళ్లకి వారానికి రెండు రోజులు పాఠం చెప్పేది నాన్నే. చేతికర్ర వచ్చింది గానీ, ఇంట్లో మమ్మల్ని తోలడం మానేశాడు.

మొన్న ఇంకో డిపోవాళ్లు పిలిస్తే నాన్న అమ్మని కూడా తీసుకెళ్లాడు. హాలు నిండా డ్రైవర్లు. నాన్న మైకు దగ్గరికి వెళ్లి, "ఈ పట్టీలు కుట్టింది మా ఆవిడ. బస్సు సంగతి నాకంటే ఈవిడకే బాగా తెలుసు" అని పక్కకి తప్పుకున్నాడు.

నలుగురిలో ఎన్నడూ గొంతు విప్పని అమ్మ, నిండు సంచీతో, నొప్పి కాళ్లతో, కదిలే బస్సులో నిలబడ్డం ఎలా ఉంటుందో ఇరవై నిమిషాలు చెప్పింది. ఆవిడ ముగించగానే ముందు వరసలో కర్ర పక్కన పడేసి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నాన్నే.