అద్దకపు పెద్దాయన గాజు పలక

“గాజు గాజుగానే ఉండాది గదా పెద్దయ్యా! పగిలిందా, విరిగిందా? మసి కడిగినాను, అంతే.”

“మసి కాదమ్మీ అది. మా వీధంతా దాంట్లో ఉన్నింది.”

“నల్ల మొగాలు, తెల్ల జుట్లు! దయ్యాల మాదిరి ఉంటే మనుషులని ఎట్ల అనుకునేది?”

పెద్దయ్యతో అట్లా వాదించింది నేనే.

కర్నూలులో మా పక్కింట్లో బట్టలకు రంగులద్దే పెద్దాయన ఆయన. ఆయనతో పాటు కరువులో తుంగభద్ర దాటి వచ్చిన పదకొండు ఇళ్లవాళ్లు, వచ్చిన ఏడాదే వీధిలో నిలబడి ఫోటో దిగారట. తర్వాత ప్లేగు సగంమందిని తీసుకుపోయింది, ఆయన భార్యను కూడా. కాగితం ఫోటోను చెదలు తిన్నాయి. ఫోటో తీసినాయన ఇచ్చిపోయిన గాజు పలక, ఆ ఫోటో నెగటివ్, ఒక్కటే మిగిలింది. రోజూ పొద్దున దాన్ని ఎండకెత్తి, నీలిమందు పట్టిన వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ, వాళ్ల పేరూ వదిలొచ్చిన ఊరూ వీధి పిల్లలకు చెప్పేవాడు.

బట్టలు అమ్మడానికి రాయచోటికి పోతూ, “నీ చేతిలో ఏదీ పాడుకాదు” అని దాన్ని నాకే అప్పగించాడు. అప్పుడు నేను కొత్తకోడలిని. అహోబిలం నుంచి తెచ్చిన స్వామి పటానికి గాజు కావాల్సి వచ్చింది. కొనడం దండగనిపించి, వేడినీళ్లు పోసి బూడిదతో ఆ పలకను తోమేశాను.

ఆయన తిరిగొచ్చి, ఆ మాటలైన మరుసటి పొద్దున పటం విప్పి గాజు ఆయన చేతికిచ్చాను. ఎప్పటిలాగే ఎండకెత్తాడు. పిల్లలు చేరారు. ఖాళీ గాజు మీద వేలు జరుపుతూ పేర్లూ ఊర్లూ వరుసగా చెప్పాడు. భార్య దగ్గరికి వచ్చేసరికి వేలు అటూ ఇటూ వెతికింది.

“ఈడేనా అమ్మీ?” అని నన్నే అడిగాడు.